ఇద్దరు తాతల పేర్లు, ఒక మనవడు: ఇన్నయ్య, శౌరయ్య

అమ్మా, మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. మీ మామగారు ఇన్నయ్యగారు నిరుడు కాలం చేశారు. మీ నాన్నగారు శౌరయ్యగారు ఆరోగ్యంగా ఉన్నారు. మూడు వారాల కిందట పుట్టిన బాబుకు ఇన్నయ్య అనే పేరే పెట్టాలని మీ అత్తగారు పట్టుబడుతున్నారు. మీ దంపతులకు రేయాన్ష్ అనే పేరు నచ్చింది, కానీ బైబిలులో లేని పేరుకు గుడి గురువుగారు (ఫాదరు) జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వరని మీ పెద్దమ్మగారు చెప్పారు. హైదరాబాదులో పెరగబోయే పిల్లవాడు ఇన్నయ్య అనే పేరుతో బడిలో నవ్వులపాలవుతాడేమోనని కూడా మీకు భయంగా ఉంది. గుంటూరు జిల్లాలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే ముప్ఫై ఏళ్లకు పైగా మా విచారణలో, అంటే మా గుడి పరిధిలోని కథోలిక సంఘంలో, మతపాఠాలు నేర్పే ఉపదేశిగా ఉండి, జ్ఞానస్నానాల పుస్తకం రాయడంలో గురువులకు సాయపడినవాడిని కనుక, ఈ చిక్కును నేను చాలా ఇళ్లలో చూశాను. అందువల్ల కొంచెం వివరంగానే జవాబు రాస్తున్నాను.

మొదట మీ పెద్దమ్మగారి మాట సంగతి. ఆమె చెప్పినది పూర్తిగా తప్పు కాదు, పాతబడిన నియమం. 1917 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం ప్రకారం బిడ్డకు క్రైస్తవ నామం పెట్టించే బాధ్యత విచారణ గురువుది. తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే వాళ్లు చెప్పిన పేరుకు గురువే ఒక పునీతుని (సెయింట్) పేరు చేర్చి, రెండింటినీ పుస్తకంలో రాయాలి. మన పెద్దవాళ్లలో చాలామందికి గుడి పేరు ఒకటి, బడి పేరు ఒకటి ఉండడానికి ఇది ఒక కారణం. 1983లో అమలులోకి వచ్చిన ఇప్పటి చట్టంలో 855వ సూత్రం దాన్ని సడలించింది. క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు పెట్టకుండా తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (గాడ్ పేరెంట్స్), విచారణ గురువు చూసుకోవాలని మాత్రమే అది చెబుతుంది. బైబిలులో ఉండి తీరాలని గాని, పునీతుల జాబితాలో ఉండి తీరాలని గాని అందులో లేదు. ప్రకాశ్, కరుణ, నిర్మల, వినయ్ వంటి పేర్లతో ఎందరో బిడ్డలు మన గుళ్లలో జ్ఞానస్నానం పొందారు. కాబట్టి గురువుగారు కాదంటారన్న భయంతో మీరు ఏ పేరునూ ఎంచుకోనక్కరలేదు, వదులుకోనక్కరలేదు. అడ్డు అక్కడ లేదు. ఆలోచించవలసినది ఆ పేరు మీ బిడ్డకు ఏమి అందిస్తుందన్నది.

ఇప్పుడు ఇన్నయ్య అనే పేరు దగ్గరకు వస్తాను. ఇది పల్లెటూరి పేరనీ, అర్థం లేని పేరనీ చాలామంది అనుకుంటారు. మన సొంత పిల్లలే అలా అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఇగ్నేషియస్ అనే పేరు పోర్చుగీసు వారి నోట ఇనాసియు అయి, తమిళంలో ఇన్నాసి అయి, మన దగ్గర గౌరవంగా అయ్య చేరి ఇన్నయ్య అయింది. శౌరి అనేది జేవియర్. తమిళులు సవేరియార్, సవరి అన్నదాన్నే మనవాళ్లు శౌరి అన్నారు, శౌరయ్య అన్నారు, బాలశౌరి అన్నారు. రాయప్ప అంటే పేతురు, ఎందుకంటే ప్రభువు సీమోనుకు పెట్టిన పేరుకు అర్థం రాయి. చిన్నప్ప అంటే పౌలు, ఎందుకంటే లాటిన్‌లో పౌలుస్ అన్న మాటకు చిన్నవాడు అని అర్థం. అరుళప్ప అంటే యోహాను. యోహాను అనే హీబ్రూ పేరుకు దేవుడు దయ చూపాడని అర్థం, తమిళంలో అరుళ్ అంటే ఆ దయే. హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్పుగా) 1971 నుంచి 2000 వరకు సేవ చేసిన అరుళప్పగారిది ఈ పేరే. తమిళనాటి నుంచి గురువులు, ఉపదేశులు, గ్రంథాలు ఇటు వచ్చిన దారిలోనే ఈ పేర్లూ వచ్చాయి. 18వ శతాబ్దపు ఆరంభంలో ఫ్రెంచి యేసు సభ (జెస్యూట్) గురువులు పుంగనూరు మొదలైన చోట్ల విశ్వాసాన్ని బోధించే నాటికే వీటికి పక్కనున్న తమిళ సీమలో చాలా కాలపు వాడుక ఉంది.

ఒక్కసారి ఆ పేర్లు పెట్టినవారి తెలివిని గమనించండి. లాటిన్ రాని రైతు కుటుంబం నోరు తిరగని విదేశీ ధ్వనిని మోయనవసరం లేకుండా, పునీతుని పేరులోని అర్థాన్ని విప్పి మన మాటల్లో పెట్టి ఇచ్చారు. పుస్తకంలో గురువు లాటిన్‌లో పేత్రుస్ అని రాసుకున్నా, చేలో నాగలి పట్టినవాడు రాయప్పే. ఇగ్నేషియస్ కంటే ఇన్నయ్య తక్కువ క్రైస్తవమైన పేరు కాదు. ఎన్నో తరాల ప్రార్థనలు మోసి, తెలుగు నోట్లో అరిగి నున్నబడిన పేరు అది. గుడి సమాధుల తోటలో పాత సిలువల మీద పేర్లు చదువుకుంటూ నడిచి చూడండి, ఈ పేర్లే వరసగా కనిపిస్తాయి. మీ బాబు వంశవృక్షం ఆ రాళ్ల మీద ఉంది.

మీరు గమనించారో లేదో నాకు తెలియదు గాని, మీ ప్రశ్న చదవగానే నాకు కలిగిన సంతోషం వేరే ఉంది. మీ బిడ్డ ఇద్దరు తాతల పేర్లూ ఇద్దరు ప్రాణ స్నేహితులవి. 1529లో పారిస్‌లోని సాంత్ బార్బ్ విద్యాలయంలో ఫ్రాన్సిస్ జేవియర్, పీటర్ ఫాబెర్ ఉండే గదిలోకి వయసులో పెద్దవాడైన విద్యార్థి ఒకరు వచ్చి చేరారు. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, ఆ మంచం మీదనే మనసు మారిన ఇగ్నేషియస్ లొయోలా ఆయన. లోకంలో పేరు తెచ్చుకోవాలని కలలు కంటున్న జేవియర్ మనసు గెలవడానికి ఆయనకు చాలా కాలం పట్టింది. 1534 ఆగస్టు 15న మోన్‌మార్త్ర్ కొండ మీద వాళ్లు, మరికొందరు సహచరులు కలిసి మాటపట్టు, అంటే దేవునికి వ్రతం, తీసుకున్నారు. 1540లో యేసు సభకు పోపుగారి ఆమోదం లభించింది. 1542 మే 6న జేవియర్ గోవాలో దిగారు. ఇద్దరూ మళ్లీ ఈ లోకంలో కలుసుకోలేదు.

1546లో, నేటి ఇండోనేషియాలోని మొలక్కస్ దీవుల నుంచి రోములోని సహచరులకు రాసిన ఉత్తరంలో జేవియర్ ఒక మాట చెప్పారు. వాళ్లు తమ ఉత్తరాల కింద స్వహస్తాలతో చేసిన సంతకాలను కత్తిరించి, తన మాటపట్టు రాసుకున్న కాగితంతో కలిపి ఎప్పుడూ తన వెంట ఉంచుకుంటున్నానని రాశారు. ఏ దేశంలోనో, తన భాష రాని మనుషుల మధ్య, ఆయనకు తోడుగా ఉన్నవి ఆ పేర్లు. 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని షాంగ్‌చువాన్ దీవిలో ఆయన చనిపోయారు. ఆ కబురు అందక, తిరిగి రమ్మని పిలుస్తూ ఇగ్నేషియస్ 1553లో ఉత్తరం రాశారు. 1556 జూలై 31న ఆయనా వెళ్లిపోయారు. 1622 మార్చి 12న పదిహేనవ గ్రెగరీ పోపు ఇద్దరినీ ఒకే రోజున పునీతులుగా ప్రకటించారు. మీ మామగారికీ మీ నాన్నగారికీ పేరు పెట్టిన తల్లిదండ్రులు ఒకరినొకరు ఎరుగరు. అయినా ఆ రెండు పేర్లు మీ పెళ్లితో ఒక ఇంట్లో కలిశాయి, ఇప్పుడు ఒక బిడ్డ దగ్గరకు వచ్చాయి. ఇందులో దేవుని చేయి ఉందని నేను నమ్ముతాను. మీరు కూడా దీన్ని తీరిగ్గా ఆలోచించాలని కోరుతున్నాను.

అందుచేత నా సలహా సూటిగా చెబుతాను. బాబును పిలిచే పేరు శౌరి కావాలి, రాతలో పూర్తి పేరు శౌరి ఇన్నయ్య కావాలి, ఆపైన మీ ఇంటిపేరు ఉండాలి. దీనికి నా కారణాలు ఇవి.

మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టడం మతాలకు అతీతంగా తెలుగువాళ్లందరి ఆచారం. ఓరుగల్లు కాకతీయులలో బేతరాజు, ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు అని పేర్లు వచ్చిన తీరు చూస్తే ఆ ఆచారం వయసు తెలుస్తుంది. అయితే దానితోపాటే ఇంకో ఆచారం ఉంది. పాత తరం ఇల్లాలు భర్త పేరు నోట పలకదు, కోడలు మామ పేరు పలకదు. మా నాన్నకు ఆయన తాత పేరే, అంటే మా నాయనమ్మకు మామగారి పేరే పెట్టగా, మా నాయనమ్మ తన కొడుకును జీవితాంతం అబ్బాయ్ అనే పిలిచింది. జ్వరం వచ్చి మూలుగుతున్న పిల్లవాణ్ని పక్కన కూర్చొని తల నిమురుతూ కూడా ఆమె పేరు పెట్టి పిలవలేదు, మా నాయన, మా అయ్య అంటూ ఉండేదట. మీ అత్తగారు తన భర్త పేరును ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు పైకి పలికి ఉంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ పేరు మనవడి మీద ఉండాలని ఆమె మనసు కొట్టుకుంటున్నది, కానీ పొద్దున లేచింది మొదలు ఇన్నయ్యా, పాలు తాగు అని ఆమె పిలవగలరా? మీరు పిలవగలరా? పిల్లవాడు అల్లరి చేసినప్పుడు మామగారి పేరు పెట్టి కోప్పడగలరా? ఇన్నయ్య రాతలో నిలిచి, శౌరి పిలుపులో ఉంటే, ఆమె కోరికా తీరుతుంది, మర్యాదా నిలుస్తుంది.

బతికి ఉన్న పెద్దల పేరు పెట్టవచ్చునా అని మీకు సందేహం రావచ్చు. కొన్ని ఇళ్లలో పెడతారు, కొన్ని ఇళ్లలో పెట్టరు. ఇది శ్రీసభ నియమం కాదు, ఇంటి అలవాటు. మీ నాన్నగారిని నేరుగా అడగండి. ఆయనకు అభ్యంతరమైతే, శౌరయ్య కాదు, శౌరి అని పునీతుని పేరే పెడుతున్నామని చెప్పండి. నాకు తెలిసిన తాతలలో ఆ మాటకు కాదన్నవారు లేరు.

పిలుపు సంగతికి వస్తే, శౌరి రెండక్షరాల పేరు. ఏ భాష పిల్లలకైనా నోరు తిరుగుతుంది, కొత్తగానూ వినిపిస్తుంది, బడిలో నవ్వులపాలవుతాడన్న మీ భయానికి అందులో తావు లేదు. మన హిందూ స్నేహితులు అది కృష్ణుని పేరు కదా అంటారు. అదీ నిజమే, శూరుని వంశంలో పుట్టినవాడు శౌరి అని సంస్కృతంలో వేరే వ్యుత్పత్తి ఉంది. మన శౌరి మాత్రం స్పెయిన్‌లోని బాస్కు భాష నుంచి బయలుదేరినది. జేవియర్ అనే కోట పేరుకు ఆ భాషలో కొత్త ఇల్లు అని అర్థం. రెండు వేర్వేరు మాటలు తెలుగులో ఒకే రూపానికి వచ్చాయి. పొరుగువారు కూడా తమదిగా అనుకోగల పేరు ఉండడం ఈ దేశంలో పెరిగే బిడ్డకు మంచిదే, ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి వాడి దగ్గర ఒక కథ ఉంటుంది.

రేయాన్ష్ గురించి మీ మనసు నొప్పించాలని లేదు, కానీ తెలుగు పాఠాలు చెప్పినవాడిగా నిజం చెప్పక తప్పదు. ఆ పేరుకు కాంతి కిరణం అని అర్థం రాసి ఉంచుతున్నారు గాని, సంస్కృతంలో రే అంటే కిరణం కాదు. అది ఇంగ్లీషు మాట, దానికి అంశ చేర్చి చెవికి ఇంపుగా కూర్చారు. అందులో పాపమేమీ లేదు, దోషమేమీ లేదు, మీ వాళ్లెవరి జ్ఞాపకమూ లేదు. వెలుగు అనే అర్థమే మీకు నచ్చితే, ఇగ్నేషియస్ అన్న పేరును లాటిన్‌లో నిప్పు అనే అర్థమున్న ఇగ్నిస్ అన్న మాటతో కలిపి చెప్పుకోవడం పాత అలవాటు కనుక, తేజ ఇన్నయ్య అని పెట్టినా మీ కోరిక, మీ అత్తగారి కోరిక రెండూ నెరవేరుతాయి. శౌరి కుదరకపోతే నేను దీన్నే సూచిస్తాను. ఇంగ్లీషు సినిమాల్లో వినిపించే పేరు పెడితేనే క్రైస్తవ పేరు అవుతుందనే భ్రమ మాత్రం వద్దు. 2022 మే 15న పునీతుడిగా ప్రకటితుడైన కన్యాకుమారి సీమ గృహస్థుడు దేవసహాయం పేరు చూడండి. లాజరు అనే పేరుకు దేవుడు సహాయం చేశాడని అర్థం, 1745లో జ్ఞానస్నానం పొందినప్పుడు ఆ అర్థాన్నే ఆయనకు పేరుగా పెట్టారు. ఈనాడు ప్రపంచమంతటా పునీతుల జాబితాలో ఆ పేరు మన దేశపు మాటలోనే చదువుతున్నారు. అదే దారిలో మన ఆడపిల్లలకు జపమాల, అమల, దీవెన, సహాయమ్మ వంటి చక్కని పేర్లు ఉన్నాయి. మీకు రేపు ఆడపిల్ల పుడితే అప్పుడు వాటిని గురించి రాస్తాను.

పెద్దల మాట, దేవుని పిలుపు ఒకదానికొకటి ఎదురైతే ఏమి చేయాలని మీరు చివర్లో అడిగారు. లూకా సువార్త మొదటి అధ్యాయంలో సరిగ్గా ఈ తగాదాయే ఉంది. ఎనిమిదవ రోజున బంధువులు వచ్చి బిడ్డకు తండ్రి పేరే జెకర్యా అని పెట్టబోతే, బిడ్డ తల్లి ఎలిజబెతమ్మ కాదు, యోహాను అన్నది. మీ చుట్టాల్లో ఆ పేరు ఎవరికీ లేదు కదా అని వాళ్లు తండ్రికి సైగ చేస్తే, మాట పడిపోయిన ఆయన పలక తెప్పించుకొని అతని పేరు యోహాను అని రాశాడు. ఆ క్షణంలోనే ఆయన నోరు తెరుచుకుంది. దీన్ని చూపించి, పెద్దల మాట వినక్కరలేదని కొందరు యువ దంపతులు నాతో వాదించారు. కానీ ఆ కథలో తల్లిదండ్రులు తమకు నచ్చిందని పేరు మార్చలేదు, దేవుడు చెప్పిన పేరు కనుక నిలబడ్డారు. పైగా భార్యాభర్తలిద్దరిదీ ఒకే మాట. మీ ఇంట్లో దేవదూత వేరే పేరేదీ చెప్పలేదు కనుక, పెద్దల ప్రేమను వినడమే మంచిది. అయితే నిర్ణయం మీ ఇద్దరి నోటి నుంచి ఒకే మాటగా రావాలి. మీ అత్తగారితో మీ భర్తే మాట్లాడాలి, మీరు కాదు. ఒక కాగితం మీద శౌరి ఇన్నయ్య అని పెద్ద అక్షరాలతో రాసి, ఆమె చేతిలో పెట్టి, ఇద్దరు పునీతుల స్నేహం గురించి చెప్పమనండి. భర్త పోయి ఏడాది అయినా కాని మనిషికి ఆ కాగితం మీద ఆ పేరు కనిపించడం చిన్న విషయం కాదు.

ఇక రాతకోతల సంగతి. ఇందులో చేసిన పొరపాటు ముప్ఫై ఏళ్ల తరువాత బయటపడుతుంది. మా బంధువుల అబ్బాయి ఒకరి పెళ్లికి, జ్ఞానస్నాన పత్రంలో సూసయ్య అనీ, పదో తరగతి ధ్రువపత్రంలో వేరే పేరూ ఉన్నాయి. ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి నోటరీ పత్రాలు, సాక్షులు, ఊరి నుంచి ఉత్తరం తెచ్చేసరికి మూడుసార్లు గుడిలో చదవవలసిన పెళ్లి ప్రకటనలు ఆలస్యమై, ముహూర్తపు తేదీ దాటిపోయినంత పనయింది. ఆ తల్లి గుడి వరండాలో కూర్చొని కన్నీళ్లు పెట్టుకున్నది నేను మరువలేను. మీ బాబుకు ఆ గతి రాకూడదంటే జనన ధ్రువపత్రంలోనూ జ్ఞానస్నానాల పుస్తకంలోనూ అక్షరం తేడా లేకుండా ఒకే పేరు ఉండాలి.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల లోపల జననం నమోదు కావాలి. మీ బాబుకు మూడు వారాలు నిండుతున్నాయి కనుక ఆసుపత్రి వారు వివరాలు పంపారో లేదో ఈరోజే కనుక్కోండి. పేరు ఇంకా తేలలేదని కంగారు పడకండి. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల లోపల రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తరువాతైతే ఆలస్య రుసుము కట్టాలి. తొందరలో ఒక పేరు రాయించి తరువాత మార్చడం కంటే, కొన్నాళ్లు ఖాళీగా ఉంచడమే మేలు. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టినవారికి బడిలో చేర్చడం నుంచి పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి, స్థలానికి ఆ ధ్రువపత్రమే ఆధారం కనుక దాని విలువ ఇంతకు ముందుకంటే పెరిగింది.

ఇంగ్లీషు అక్షరాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. శౌరి అనే పేరును కొందరు ఇంగ్లీషు ఓ అక్షరం తరువాత డబ్ల్యూ పెట్టి (Sowri), కొందరు యు పెట్టి (Souri) రాస్తారు. మీ నాన్నగారి ఆధార్ కార్డులో ఎలా ఉందో చూసి అదే పెట్టండి. మీ బాబు పేరు తాత పేరేనని కాగితం మీద కూడా కనిపిస్తుంది. ఇన్నయ్యకూ అంతే, మీ మామగారి పాత పత్రాలు చూడండి. ఇంటిపేరును పొడి అక్షరంగా వదిలేయకుండా పూర్తిగా రాయించండి. ఇప్పుడు బద్ధకించి ఒక్క అక్షరంతో సరిపెడితే పాస్‌పోర్టు నాడు దాన్ని విప్పి రాయవలసి వస్తుంది, అప్పుడు కాగితాలకు కాగితాలకు పొంతన కుదరదు.

జ్ఞానస్నానం రోజున దేవాలయ ద్వారం దగ్గర గురువుగారు అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఈ బిడ్డకు ఏమి పేరు పెట్టారు అన్నదే. దానికి తల్లిదండ్రులే స్పష్టంగా జవాబు చెప్పాలి. కనుక ఆ పేరు అంతకు ముందే ఇంట్లో నలుగురి నోట నలిగి ఉండాలి. పునీతుల ప్రార్థనలో బిడ్డ పేరుగల పునీతులను చేర్చుకోవచ్చు. లొయోలా ఇగ్నేషియస్ పేరు, ఫ్రాన్సిస్ శౌరి పేరు రెండూ చదవమని గురువుగారిని రెండు రోజుల ముందే అడిగి ఉంచండి. జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడేవారు భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందిన కథోలికులై, మామూలుగా పదహారేళ్లు నిండినవారై ఉండాలి, బిడ్డ సొంత తల్లిదండ్రులు కాకూడదు. మీ విచారణ కార్యాలయానికి వెళ్లేటప్పుడు జనన నమోదు నకలు వెంట తీసుకువెళ్లి, పుస్తకంలో పేరు రాసేటప్పుడు పక్కన నిలబడి అక్షరం అక్షరం చూసుకోండి. ఆ పూట మీ నాన్నగారు కూడా మీతో వస్తే, రాసిన వరుసను ఆయనకు చదివి వినిపించండి.